జ్యూక్‌బాక్స్ ప్లేటును మధ్యలోనే తీసేస్తోందా? పిన్ను మార్చే ముందు ఇవి చూడండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. సింగరాయకొండ దగ్గర హైవే మీద మీ హోటల్‌లో పాత అమెరికా జ్యూక్‌బాక్స్ ఒకటి పెట్టారు. చెన్నైలో కొన్నారు, 45 స్పీడు ప్లేట్లు (నిమిషానికి 45 చుట్లు తిరిగేవి) వేస్తుంది. నంబరు నొక్కితే ప్లేటు వస్తుంది, పిన్ను ఉన్న ఆర్మ్ దిగుతుంది, పాట మొదలవుతుంది, ఐదు పది సెకన్లకే ఆర్మ్ లేచిపోయి ప్లేటు మళ్ళీ గూట్లోకి వెళ్ళిపోతుంది. పొద్దున పూట, వాన పడినప్పుడు ఎక్కువ. వైపుకు రెండు పాటలుండే మన తెలుగు ప్లేట్లలో కొన్ని మొదట బాగానే పాడి, రెండో పాట చివరికొచ్చేసరికి ఆగిపోతున్నాయి. ఒక మెకానిక్ పిన్నును పట్టి ఉంచే కార్ట్రిజ్ మార్చాలన్నాడు, ఇంకొకాయన ఆంప్లిఫయర్ విప్పాలన్నాడు. ఎవరి మాట వినాలి?

ఇప్పటికైతే ఇద్దరిదీ వద్దు. ఆంప్లిఫయర్ పోతే పాట వినపడదు, లేదా గుర్రుమంటుంది. అది ప్లేటును తీసి గూట్లో పెట్టదు. కార్ట్రిజ్ సంగతి తర్వాత చెబుతాను, వేరే రకం జబ్బులో దానికీ కొంచెం పాత్ర ఉంది. మీరు రాసినదాన్ని బట్టి మీ మెషీనులో రెండు వేరు వేరు రోగాలు ఉన్నాయి. మొదట్లోనే ఆగిపోవడం ఒకటి, అది రిజెక్ట్ లైనులో (ప్లేటును తీసేయమని మెషీనుకు చెప్పే వైర్లలో) ఎక్కడో తడికో తుప్పుకో రెండు వైర్లు తగులుకోవడం వల్ల. రెండో పాట చివర ఆగిపోవడం ఇంకోటి, అది ట్రిప్ (పాట అయిపోయిందని కనిపెట్టే ఏర్పాటు) సెట్టింగ్‌కీ మన ప్లేట్లకీ కుదరకపోవడం వల్ల. రెండింటినీ ఒకే జబ్బు అనుకుని వైద్యం చేస్తే జన్మలో తేలదు.

నేను నెల్లూరు వాణ్ణి. కుర్రతనంలో మద్రాసులో ఒక వర్క్‌షాపులో పన్నెండేళ్ళు చేశాను. హోటళ్ళలో, క్లబ్బుల్లో ఉండే జ్యూక్‌బాక్సులు, ప్లేట్లను వాటంతట అవే మార్చే ఆటోమేటిక్ రికార్డ్ ఛేంజర్లు మా దగ్గరికి వచ్చేవి. ఊరికి తిరిగొచ్చాక మైకు సెట్ల వాళ్ళ ప్లేయర్లు, రేడియోలు, టేప్ రికార్డర్లు బాగు చేసుకుంటూ బతికాను. ఈ మధ్య ఆరేడేళ్ళుగా మీలాంటి వాళ్ళు పాత మెషీన్లు కొని తెచ్చుకుంటుంటే మళ్ళీ ఆ పని తగులుతోంది. కాబట్టి పుస్తకంలోది కాదు, చేతికి గ్రీజు అంటుకున్న సంగతే రాస్తున్నా.

ముందు ఒక విషయం మనసులో పెట్టుకోండి. జ్యూక్‌బాక్స్ తనంతట తాను ప్లేటును తీయదు, ఎవరో తీయమని చెబితేనే తీస్తుంది. మామూలుగా చెప్పేవాళ్ళు ముగ్గురు. ఒకటి, ఆర్మ్ మొదట్లో ఉండే ట్రిప్: పాట అయిపోయి పిన్ను లేబుల్ దగ్గరికి చేరగానే ఇక చాలు అని చెప్పేది. రెండు, మెషీను వెనకాల ఉండే రిజెక్ట్ బటన్. మూడు, రిమోట్: గల్లా దగ్గర కూర్చునే ఓనరు వాల్యూం తగ్గించుకోవడానికి, నచ్చని పాట తీసేయడానికి పొడవాటి వైరుతో బిగించుకునే చిన్న డబ్బా. కరెంటుతో ట్రిప్ అయ్యే మెషీన్లలో ఈ ముగ్గురూ ఒకే లైను మీద ఉంటారు. ఎవరు నొక్కినా మెషీనుకు ఒకటే, ఎవరు చెప్పారో దానికి తెలియదు. మన పనల్లా ఆ చెప్పినవాణ్ణి పట్టుకోవడమే.

దానికి విప్పాల్సిన పని కూడా లేదు మొదట. గమ్మున మెషీను పక్కన నిలబడి ఆర్మ్ లేచే క్షణంలో పిన్ను ఎక్కడుందో చూడండి. పిన్ను పాట మొదట్లోనే, ఎక్కడ ఉండాలో అక్కడే ఉండి, ఉన్నట్టుండి లేచిందా? అయితే పిన్నుదీ కార్ట్రిజ్‌దీ తప్పేం లేదు, ఎవరో బటన్ నొక్కినట్టే లెక్క. అట్టా కాకుండా పిన్ను గాడి తప్పి జర్రున లేబుల్ దాకా జారిపోయి, అప్పుడు లేచిందా? అయితే ట్రిప్ తన పని తాను సరిగ్గానే చేసింది, జారడానికి కారణం వెతకాలి. మీరు పెట్టిన వీడియో నాలుగుసార్లు చూశాను. అందులో పిన్ను జారలేదు, పల్లవి ఎత్తుకునే లోపే ఉన్నచోటు నుంచే లేచింది. కార్ట్రిజ్ కొనమన్న ఆయన ఇది చూసి ఉండడు.

సరే, పొద్దున పూట ఎక్కువ, వానకు ఎక్కువ అన్నారు. మీ ఊరు సముద్రానికి ఎంత దూరమని, పాకల బీచ్ పక్కనే కదా. ఆ గాలికి ఇనప కిటికీ ఊచలే పొరలు లేస్తాయి, ఇక సన్నటి రాగి వైర్లు, వెండి పాయింట్లు ఎంత. అందుకని మొట్టమొదట రిమోట్ వైరును పట్టుకోండి. మెషీను ప్లగ్ తీసేసి, వెనకాల రిమోట్ వైరు వచ్చి కలిసే చోట స్క్రూలు విప్పి వైరు మొత్తం పక్కన పెట్టేయండి. ఒకటి రెండు మోడళ్ళలో రిమోట్ తీసేస్తే వాల్యూం పూర్తిగా పడిపోవడమో పూర్తిగా పెరగడమో ఉంటుంది, కంగారు పడొద్దు, మళ్ళీ పెట్టుకోవచ్చు. అట్టా రెండు రోజులు పాడించండి. పొద్దున కూడా ఆగకుండా పాడితే దొంగ దొరికినట్టే. ఆ వైరును బాగు చేయాలని చూడొద్దు, కొత్త వైరు లాగండి.

దీని మీద ఒక కథ ఉంది. మద్రాసులో ఒక హోటల్ నుంచి రోజూ ఫోను, సాయంత్రం ఏడు తర్వాత మెషీను పాటలు మింగేస్తోందని. పగలు వెళ్తే శుభ్రంగా పాడేది. మా మేస్త్రీ మూడుసార్లు వెళ్ళొచ్చాడు, ట్రిప్ స్విచ్ మార్చాడు, రిలే మార్చాడు, ఏం లాభం లేదు. నాలుగోసారి నన్ను పంపి రాత్రిదాకా అక్కడే కూర్చోమన్నాడు. కూర్చుని చూస్తే పగలు గల్లాలో మేనేజరు, సన్నటి మనిషి. ఏడింటికి ఓనరు గారు దిగుతారు, భారీ మనిషి. రిమోట్ డబ్బా బల్ల కింద బిగించి ఉంది. ఆయన చిల్లర లెక్కపెట్టుకుంటూ ముందుకు వంగినప్పుడల్లా మోకాలు రిజెక్ట్ బటన్‌కు తగులుతోంది! ఆ సంగతి ఆయనకు ఎట్టా చెప్పాలో తెలియక, డబ్బాను ఇంకో పక్కకు మార్చి "లూజు కనెక్షన్ సార్, సరిచేశాను" అని చెప్పి వచ్చాను. మీ రిమోట్ ఎక్కడ పెట్టారో కూడా ఒకసారి చూసుకోండి, చెప్పలేం.

రిమోట్ తీసినా ఆగిపోతుంటే తర్వాతి పరీక్ష ఇంకా తేలిక, అయినా దీన్ని ఎవరూ చేయరు. వాల్యూం పూర్తిగా తగ్గించి ఒక ప్లేటు పాడించండి. శబ్దం లేనప్పుడు చివరిదాకా పాడి, వాల్యూం పెంచితే ఆగిపోతోందంటే, స్పీకర్ దరువుకు డబ్బా అదిరి ఎక్కడో వైరు పోగు ఒకటి పక్క స్క్రూకు తగులుతోందన్నమాట. స్పీకరూ మెకానిజమూ ఒకే చెక్క డబ్బాలో ఉంటాయి, డప్పు మోగితే మొత్తం ఊగుతుంది. రిజెక్ట్ బటన్ వెనక, ట్రిప్ స్విచ్ దగ్గర, టెర్మినల్ పట్టీల మీద టార్చిలైటు వేసి చూడండి. ఆకుపచ్చ చిలుం పట్టిన పోగు, టంకం లేచిపోయి గాలిలో ఊగే వైరు కనిపిస్తాయి. చిన్న వెదురు పుల్లతో ఒక్కో వైరును మెల్లగా కదిలించండి, ఏ వైరు కదిపితే ఆర్మ్ లేస్తుందో అదే. ఇది కరెంటు ఉండగానే చేయాలి కాబట్టి చెప్పులు వేసుకుని, ఒక చెయ్యి జేబులో పెట్టుకుని, పొడి పుల్లతో మాత్రమే. భయంగా ఉంటే తెలిసినవాడికి అప్పగించండి. రిజెక్ట్ లైను చాలా మెషీన్లలో ఇరవై ముప్పై వోల్టులదే కానీ, పక్కనే మెయిన్స్ వైర్లు ఉంటాయి, వాల్వుల ఆంప్లిఫయర్ అయితే వందల వోల్టులు.

అప్పటికీ దొరక్కపోతే ట్రిప్ స్విచ్. ప్లగ్ తీసి, ఆ స్విచ్‌కు వెళ్ళే రెండు వైర్లలో ఒకదాన్ని ఊడదీసి, కొసకు టేపు చుట్టి, మళ్ళీ పాడించండి. పాట సాఫీగా పాడితే తప్పు స్విచ్‌లోనో దాన్ని నెట్టే లివర్‌లోనో ఉంది. ఒకటి గుర్తుంచుకోండి, ఈ పరీక్షలో పాట అయిపోయాక ఆర్మ్ దానంతట అది లేవదు, మీరే పక్కన ఉండి రిజెక్ట్ బటన్ నొక్కాలి. అన్నీ ఊడదీసినా ఇంకా ఆగిపోతుంటే మాత్రం కరెంటు సంగతి వదిలేసి మెకానిజం వైపు చూడాలి: లాచ్ (పట్టి ఉంచే కొక్కెం) అంచు అరిగి అదురుకు జారిపోవడమో, కాయిల్ లోపలి ప్లంజర్ జిడ్డుతో ఇరుక్కుని వెనక్కి రాకపోవడమో.

ట్రిప్ స్విచ్ అంటే ఏమీ లేదు, రెండు సన్నటి పట్టీలు, వాటి చివర గసగసాల గింజంత వెండి చుక్కలు. మధ్యలో ఉండే సందు చూస్తే పోస్టుకార్డు దూరుతుందా లేదా అన్నట్టు ఉంటుంది. ఎవరో ఒకరు పాతకాలంలో స్క్రూడ్రైవర్‌తో పట్టీ వంచి ఉంటారు, దాంతో సందు తగ్గిపోయి అదురుకే తగులుకుంటుంది. లేదంటే సందులో జిడ్డు, దుమ్ము, చచ్చిన చీమ. నవ్వకండి, నిజంగానే చీమ, ఒకటి కాదు చాలాసార్లు చూశాను. దీన్ని ఎమరీ పేపర్‌తో రుద్దొద్దు. వెండి పూత లేచిపోతే ఇక ఆ పాయింటు ఆరు నెలలకోసారి మొరాయిస్తుంది. కొత్త కరకరలాడే నోటు గానీ బాండు పేపరు ముక్క గానీ సందులో పెట్టి, పట్టీలను వేలితో మెల్లగా దగ్గరికి నొక్కి, కాగితాన్ని లాగండి. నల్లటి గీత పడుతుంది. మళ్ళీ శుభ్రమైన చోట పెట్టి లాగండి. గీత పడకుండా వచ్చేదాకా అంతే, నాలుగైదుసార్లు చాలు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక చుక్క కాగితానికి తడిపితే ఇంకా మంచిది. సెంటు సీసాలు, శానిటైజర్ జెల్లు వద్దు, అవి పొర మిగులుస్తాయి.

ఇక కరెంటుతో పని లేకుండా, లివర్‌తో ట్రిప్ అయ్యే రకాలు. పాత ఆటో ఛేంజర్లలో ఇవే ఎక్కువ. ఇది పనిచేసే తీరు నాకు ఇప్పటికీ ముచ్చటగా ఉంటుంది కాబట్టి కొంచెం ఆగి చెబుతాను. ఆర్మ్ లోపలికి జరిగేకొద్దీ ఒక తేలికపాటి లివర్‌ను మధ్య ఇరుసు వైపు తోస్తుంది. ప్లేటు కింద తిరిగే చక్రానికి ఒక చిన్న బుడిపె ఉంటుంది, అది చుట్టుకొకసారి ఆ లివర్‌ను తట్టి వెనక్కి నెట్టేస్తుంది. పాట నడుస్తున్నంతసేపూ ఆర్మ్ ఒక చుట్టుకు 0.1, 0.2 మిల్లీమీటర్లకు మించి కదలదు, కాబట్టి బుడిపె తట్టగానే లివర్ తప్పుకుంటుంది. పాట అయిపోయాక గాడి ఒక్కసారిగా వెడల్పుగా లోపలికి పోతుంది కదా, అప్పుడు ఆర్మ్ ఒకే చుట్టులో చాలా దూరం జరుగుతుంది, లివర్ తప్పుకునేంత సందు లేక బుడిపెకు చిక్కుతుంది. చిక్కిందా, గేర్ పడింది, ప్లేటు లేచింది. ఇదంతా లివర్ నోటితో ఊదితే కదిలేంత తేలిగ్గా ఉంటేనే. అక్కడ జిడ్డు గట్టిపడితే, తట్టినా లివర్ వెనక్కి పోదు, పాట మధ్యలోనే గేర్ పడుతుంది. అదే జిడ్డు లివర్ తిరిగే ఇరుసు దగ్గర పడితే దీనికి సరిగ్గా ఎదురు: ఆర్మ్ లివర్‌ను తోయలేక, పాట అయిపోయినా చివరి గాడిలోనే గిరగిరా తిరుగుతూ టక్ టక్ మంటుంది.

కందుకూరులో ఒకాయన దగ్గర ఇట్టాంటి ఛేంజర్ ఉండేది. డిసెంబరులో పొద్దున ఏడింటికి భక్తి పాటలు పెడితే ప్రతి ప్లేటూ అర్ధంతరంగా లేచిపోయేది, మధ్యాహ్నం పన్నెండుకు అదే ప్లేటు పూర్తిగా పాడేది. మేలో అసలు ఏ గొడవా లేదు. ఆయన దీన్ని దేవుడికి ముడిపెట్టుకుని, పొద్దున పూట ఏదో అపచారం జరుగుతోందని ఇంట్లో వాళ్ళను సతాయిస్తున్నాడు. నేను వెళ్ళి చక్రం తీసి చూస్తే లివర్ చుట్టూ తెల్లగా పేరుకుని ఉంది. వాసన చూశా. కొబ్బరి నూనె! "కిర్రుమంటుంటే మా ఆవిడ రెండు చుక్కలు వేసిందయ్యా" అన్నాడు. కొబ్బరి నూనె ఇరవై నాలుగు డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది, మన దగ్గర డిసెంబరు తెల్లవారుజామున అంతకంటే చల్లగానే ఉంటుంది. ఎండెక్కితే కరిగేది, పాట పాడేది. పెట్రోలు పోసిన గుడ్డతో తుడిచి, ఆరబెట్టి, ఏమీ పూయకుండా బిగించాను.

ఏమీ పూయకుండా అన్నది ముఖ్యం. ట్రిప్ లివర్‌కు నూనె వద్దు, కుట్టు మిషన్ నూనె కూడా వద్దు, స్ప్రే డబ్బాలు అసలు వద్దు. మోటారు బుష్‌లకు, గేర్లకు వేరే లెక్క, వాటికి కావాలి. ట్రిప్ దగ్గర మాత్రం పొడిగా ఉండాలి, తప్పదనుకుంటే పెన్సిల్ ముల్లు అరగదీసిన గ్రాఫైట్ పొడి చిటికెడు.

ఇప్పుడు మీ రెండో రోగం, రెండో పాట చివర ఆగిపోవడం. ఇక్కడ మెషీను కంటే ప్లేట్లది ఎక్కువ తప్పు. అమెరికాలో 45 స్పీడు ప్లేటును 1949లో ఆర్‌సీఏ విక్టర్ తెచ్చింది, మధ్యలో అంగుళంన్నర బెజ్జంతో, ఒక్కో వైపు ఒక్కో పాటతో. 1950లో వచ్చిన సీబర్గ్ కంపెనీ మెషీనుతో మొదలై జ్యూక్‌బాక్సులు క్రమంగా ఈ ప్లేట్లకే తయారయ్యాయి. మన దగ్గర సినిమా పాటల ఈపీలు (ఏడంగుళాల చిన్న ప్లేట్లు) ఎక్కువగా వైపుకు రెండు పాటలవి. ఏడంగుళాల ప్లేటులో ఆరేడు నిమిషాలు కూరాలంటే గాళ్ళు దగ్గర దగ్గరగా పడాలి, లేబుల్ అంచు దాకా పోవాలి. మీ మెషీను ట్రిప్ ఒంటి పాట ప్లేటుకు సెట్ చేసి ఉంటుంది, మన ప్లేటు రెండో పాట ఇంకా చరణంలో ఉండగానే ఆ హద్దు దాటేస్తుంది. మెషీను పాట అయిపోయిందనుకుంటుంది.

దీనికి ట్రిప్ సర్దుబాటు స్క్రూ ఉంటుంది, దాన్ని కొంచెం లోపలికి జరపాలి. 45 ప్లేటులో పాట అయ్యాక పిన్ను ఆగి తిరిగే ఆఖరి గాడి వ్యాసం సుమారు 98 మిల్లీమీటర్లు. ట్రిప్ చరణం అయ్యాకే, అయినా ఆ గాడికి చేరే లోపే పడాలి, ఆ మధ్య ఉన్న కొద్దిపాటి జాగాలోనే మీ సర్దుబాటంతా. మరీ లోపలికి జరిపితే ఇంగ్లీషు ప్లేట్లు అసలు ట్రిప్ కావు. స్క్రూ తిప్పే ముందు అది ఇప్పుడున్న చోట గోళ్ళ రంగుతో చిన్న గీత పెట్టుకోండి, ఫోనులో ఫోటో తీసుకోండి, పావు తిప్పు తిప్పి ఒక ప్లేటు పాడించి చూడండి. దీనికి కనీసం మూడు ప్లేట్లు పక్కన పెట్టుకోండి: ఒక ఒంటి పాటది, ఒక రెండు పాటలది, మిమ్మల్ని ఎక్కువ ఏడిపించేది ఒకటి. మూడూ సరిగ్గా ముగిస్తేనే సెట్టింగ్ కుదిరినట్టు. ఏ సెట్టింగ్‌కూ లొంగని ప్లేటు ఒకటో రెండో ఉంటాయి, వాటిని ఇంట్లో ప్లేయర్ మీద పెట్టుకోండి.

ఇంతకీ మన ప్లేట్ల బెజ్జం సంగతి మీరు రాయలేదు. మన దగ్గర దొరికే ఈపీలకు ఎక్కువగా సన్న బెజ్జమే ఉంటుంది, ఏడు మిల్లీమీటర్లది. మీ మెషీనులో అవి ఆడుతున్నాయంటే ఎవరో పెద్ద బెజ్జం కొట్టించి ఉండాలి. ఎవరు కొట్టారు, దేంతో కొట్టారు? కావలిలో ఒకరి ఇంట్లో ఇదే గొడవ చూశాను. వడ్రంగి చేత హోల్ సా (గుండ్రంగా కోసే రంపం) పెట్టి యాభై ప్లేట్లకు బెజ్జాలు కొట్టించారు. చూడ్డానికి నున్నగానే ఉన్నాయి కానీ నడిమధ్యలో పడలేదు, ఒక మిల్లీమీటరు పక్కకు. ఒక మిల్లీమీటరే కదా అంటారేమో. ప్లేటు తిరిగే ప్రతి చుట్టుకూ ఆర్మ్ రెండు మిల్లీమీటర్లు ముందుకూ వెనక్కూ ఊగుతుంది. చుట్టుకు పావు మిల్లీమీటరైనా కదలకూడని చోట రెండు మిల్లీమీటర్లు! లివర్ రకం ట్రిప్ దాన్ని చూసి పాట అయిపోయిందని కాక ఏమనుకుంటుంది? వింటుంటే పాట కూడా సముద్రం మీద పడవలో కూర్చుని పాడినట్టు ఊగుతుంది. ప్లేటు తిరుగుతుంటే ఆర్మ్‌ను పక్క నుంచి చూడండి, గడియారం లోలకంలా ఊగుతుంటే ప్లేటుదే తప్పు, మెషీనును తిట్టొద్దు. బెజ్జం కొట్టడానికి సన్న బెజ్జాన్నే ఆధారంగా పట్టుకుని నడిమధ్యలో కోసే పంచ్ వాడాలి. లేత్ వర్క్స్ వాళ్ళ చేత ఇరుసు తిన్నగా చేయించుకుంటే అదేం పెద్ద పని కాదు.

78 స్పీడు రోజుల్లో ఈ ఊపునే పనిగా వాడుకున్నారు. చాలా ప్లేట్లలో ఆఖరి గాడిని కావాలనే పక్కకు కోసేవాళ్ళు, ఆర్మ్ అటూ ఇటూ ఊగితే ట్రిప్ పడేట్టు. మీకు ఎవరైనా 78 స్పీడు ప్లేట్ల వర్లిట్జర్ కంపెనీ జ్యూక్‌బాక్స్ లాంటిది అమ్మజూపితే అప్పుడు అడగండి, దానిది వేరే పురాణం.

పిన్ను జారిపోయే రకం గురించి కూడా రెండు మాటలు, మీది కాకపోయినా చదివే వాళ్ళకు పనికొస్తుంది. ముల్లు అరిగినా, కొస విరిగినా, ముల్లు కింద దూది ఉండలా దుమ్ము పేరుకున్నా గాడి పట్టదు. ఆర్మ్ వెనక నుంచి కార్ట్రిజ్‌కు వెళ్ళే వెంట్రుకల్లాంటి వైర్లు ఏళ్ళకేళ్ళకు బిరుసెక్కి స్ప్రింగులా ఆర్మ్‌ను లోపలికి లాగుతాయి, ఇది చాలామంది కనిపెట్టరు. ప్లేటు బల్లపరుపుగా తిరిగే మెషీనైతే లెవెల్ కూడా చూడాలి, మేస్త్రీల రసమట్టం పెట్టి నాలుగు వైపులా చూసి, కాళ్ళ కింద ముక్కలు పెట్టాలి. సీబర్గ్ వాటిలో ప్లేటు నిలువుగా నిలబడి తిరుగుతుంది, అక్కడ ఈ లెక్క వేరు. ఇంకో సంగతి, పిన్ను ఎగురుతోందని ఆర్మ్ మీద రూపాయి బిళ్ళ అతికించే అలవాటు మైకు సెట్ల వాళ్ళ నుంచి వచ్చింది. నేనూ చిన్నప్పుడు అతికించినవాణ్ణే. దానితో ఆ పూట గడుస్తుంది, ప్లేటు మాత్రం నాశనమవుతుంది.

మీరు అడగలేదు కానీ వీడియోలో ఇంకోటి వినిపించింది. పాట మందంగా, గొంతులన్నీ బరువుగా ఉన్నాయి, ఆడగొంతు కూడా జలుబు చేసినట్టు. మీరు స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టానన్నారు. అది 230 వోల్టులను 117 చేస్తుంది కానీ మన కరెంటు సెకనుకు 50 సైకిళ్ళను అమెరికా కరెంటులా 60 సైకిళ్ళు చేయలేదు. మోటారు తిరిగే వేగం సైకిళ్ళను బట్టే. అందుకని 45 తిరగాల్సిన ప్లేటు 37.5 మాత్రమే తిరుగుతుంది, పాట హార్మోనియం మీద మూడు మెట్లు కిందికి దిగిపోతుంది. రబ్బరు చక్రంతో తిప్పే మెషీనైతే మోటారు ఇరుసు మీది పుల్లీని ఐదో వంతు లావు చేయిస్తే సరిపోతుంది. వేరే రకమైతే 50 సైకిళ్ళ భాగాలు దొరుకుతాయేమో వెతకాలి. దీనికీ రిజెక్ట్‌కీ సంబంధం లేదు, రెండూ కలిపి తికమక పడొద్దు. అయితే 60 సైకిళ్ళ మోటారు 50 మీద నడిస్తే మామూలు కంటే వేడెక్కుతుంది, గంట తర్వాత చెయ్యి పెట్టి చూడండి, పెట్టలేనంత వేడి ఉంటే పొద్దస్తమానం నడపొద్దు.

ఆ ట్రాన్స్‌ఫార్మర్ ఎలాంటిదో కూడా చూడండి. చవకగా దొరికేవి చాలావరకు ఆటో ట్రాన్స్‌ఫార్మర్లు, వాటిలో మెయిన్స్‌కూ మెషీనుకూ మధ్య తెర ఏమీ ఉండదు. పాత అమెరికా మెషీన్లకు రెండు పిన్నుల ప్లగ్గే, ఎర్త్ ఉండదు. హోటల్‌లో పిల్లలు వచ్చి ఆ క్రోమ్ రేకులు పట్టుకుంటారు, నేల తడిగా ఉంటుంది. రిజెక్ట్ సంగతి నెలాఖరుకు చూసుకున్నా ఫరవాలేదు, ఎర్త్ వైరు మాత్రం ఈ రోజే వేయించండి.

మీరు ఏ కంపెనీదో రాయలేదు. వెనక తలుపు లోపల మోడల్ నంబరుతో రేకు ఉంటుంది, దాన్ని ఫోటో తీసి పెట్టండి. రాక్-ఓలా అని ఉంటే అది రాక్ అండ్ రోల్ పేరు మీద పెట్టింది కాదు, డేవిడ్ రాకోలా అనే ఆయన ఇంటిపేరు. ఆయన కాసు వేస్తే బరువు చెప్పే కాటాలతో మొదలుపెట్టాడు. కంపెనీ తెలిస్తే ట్రిప్ స్క్రూ ఎక్కడుందో గుర్తు పెట్టి చూపిస్తాను, లేకపోతే పది స్క్రూలుంటాయి, మీరు వేరేది తిప్పితే నా ప్రాణం మీదికొస్తుంది.

ముందైతే రిమోట్ వైరు విప్పి, శని ఆదివారాలు రద్దీలో కూడా అట్టాగే పాడించి చూడండి. ఆగిపోయిన ప్రతిసారీ టైమూ, ప్లేటు నంబరూ, అప్పుడు పిన్ను ఎక్కడుందో ఒక చీటీ మీద రాసి పెట్టమని గల్లాలో కూర్చునే కుర్రాడికి చెప్పండి. ఆ చీటీ ఫోటో తీసి ఇక్కడ పెడితే మిగతాది చూద్దాం.